చదివినవారి సాక్ష్యం

రచయిత తానే డబ్బు సమకూర్చుకొని, అక్షరకూర్పు చేయించుకొని, ప్రూఫులు దిద్దుకొని, ముఖచిత్రం ఎంచుకొని, అచ్చయిన ప్రతులను తన ఇంటికే చేర్చుకొని, వాటిని అమ్మే బాధ్యతను కూడా తన భుజానే వేసుకోవడాన్ని సొంత ప్రచురణ అంటారు. తెలుగులో ఇది నిన్నమొన్నటి పద్ధతి కాదు. కవితా సంపుటాలలో, కథా సంపుటాలలో, ఊరి చరిత్రలలో చాలా భాగం ఈ కోవకే చెందుతాయి. పేరున్న ప్రచురణ సంస్థలు హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఉన్నా, వాటి జాబితాలో చోటు దొరికేది కొద్దిమందికే కాబట్టి, మిగిలినవారు పొదుపు చేసుకున్న సొమ్ముతోనో పదవీ విరమణ నాడు అందిన మొత్తంలో కొంత తీసో పుస్తకం వేసుకుంటారు. అలా వచ్చిన పుస్తకం గురించి నలుగురికీ చెప్పడానికి రచయిత తప్ప మరొకరు ఉండరు, తన పుస్తకం గురించి రచయిత తానే చెప్పుకుంటే వినేవారు ఉండరు. ఈ చిక్కును విప్పగలిగినది ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివిన మామూలు పాఠకుడు తన పేరూ ఊరూ వేసి రాసే నాలుగు పేరాల సమీక్ష.

ఈ విషయం ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా గోదావరి ఒడ్డుకు చేరి, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్లల వైపు గానీ, కూనవరం, చింతూరుల వైపు గానీ సాగే ఈ ప్రాంతంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల హద్దులు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. బడిపంతుళ్లు, సింగరేణి కార్మికులు, అటవీ, రెవెన్యూ శాఖలలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు, ఇటీవలి కాలంలో చదువుకున్న కోయ యువతీయువకులు ఇక్కడ రాస్తున్నారు. భద్రాచలానికి ఎదురుగా, గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న సారపాకలో జామాయిల్, సుబాబుల్ కలపతో కాగితం తయారు చేసే ఐటీసీ కర్మాగారం ఉన్నప్పటికీ, ఈ ప్రాంతపు పుస్తకాలు తరచుగా హైదరాబాదులోనో విజయవాడలోనో అచ్చయి, బస్సు పార్సిలులో వెనక్కి వస్తాయి. కాగితం దొరికే చోట పుస్తకానికి కావలసిన మిగిలిన వ్యవస్థ, అంటే మంచి ముద్రణాలయం, పంపిణీదారు, సాహిత్య పుటలు నడిపే పత్రికా కార్యాలయం లేకపోవడమే దూరప్రాంతపు రచయిత అసలు కష్టం.

అచ్చు దాకా వెళ్లిన పుస్తకం ఆ తర్వాత నడిచే దారి కొంచెం దగ్గరగా చూడదగినది. సాధారణంగా ఐదువందలో వెయ్యో ప్రతులు వేస్తారు; అంతకంటే తగ్గితే ప్రతి ఒక్కింటికి పడే ఖర్చు పెరుగుతుంది, అంతకంటే పెంచితే అమ్ముడుపోవు. అట్టపెట్టెలు ఇంట్లో మంచం కింద చేరతాయి; వానాకాలంలో చెమ్మ, వేసవిలో చెదలు వాటికి శత్రువులు. ఆవిష్కరణ సభ జరుగుతుంది, శాలువాలు కప్పుతారు, వేదిక మీది పెద్దలకూ ఎదుట కూర్చున్న మిత్రులకూ ప్రతులు ఉచితంగా అందుతాయి. సమీక్ష కోసం దినపత్రికలకూ మాసపత్రికలకూ రెండేసి ప్రతులు పంపడం ఆనవాయితీ. పంపినవాటిలో కొన్నింటికి ‘స్వీకారం’ అనే శీర్షిక కింద పేరు, పుటల సంఖ్య, వెల, ‘ప్రతులకు’ అన్న చిరునామాతో నాలుగు పంక్తులు వస్తాయి. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ పుస్తకం బాగుందో లేదో చెప్పే మాట ఒక్కటి కూడా అచ్చులో లేకుండానే ఏళ్లు గడిచిపోవచ్చు, రచయిత రెండో పుస్తకం ఊసే ఎత్తకపోవచ్చు. తిట్టిన సమీక్ష కన్నా అందని సమీక్షే రచయితను ఎక్కువగా కుంగదీస్తుంది. తిట్టినవాడు కనీసం చదివాడు.

ఇక్కడ ముందుమాటలకూ సమీక్షలకూ ఉన్న తేడాను గుర్తించాలి. తెలుగు పుస్తకాలలో రెండు మూడు ముందుమాటలు ఉండటం పరిపాటి. అవి పుస్తకం అచ్చు కాకముందే, రచయిత కోరిక మీద, రచయితపై ఉన్న అభిమానంతో రాసేవి. వాటిలో గొప్పవి లేకపోలేదు: శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కు చలం రాసిన ‘యోగ్యతాపత్రం’ 1940 నాటిది, పుస్తకం వెలువడినది 1950లో; పుస్తకం కన్నా పదేళ్లు ముందే పుట్టిన ఆ రచన ఒక పాఠకుడు కవిత్వాన్ని ఎలా అనుభవించగలడో తెలుగువారికి చూపింది. అయితే చలం వంటి పాఠకుడు ప్రతి ఊరిలోనూ దొరకడు, ప్రతి ముందుమాటా అంత తెగువతో రాయబడదు. ఆశీర్వచనంగా రాసిన ముందుమాట ఎంత నిండుగా ఉన్నా, కొనబోయే పాఠకుడికి దాని మీద పూర్తి నమ్మకం కుదరదు. పాఠక సమీక్షను రాసేవాడు రచయితకు బాకీ పడినవాడు కాదు, పుస్తకాన్ని వెల ఇచ్చి కొనుక్కున్నవాడు లేదా గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నవాడు, కాబట్టి అతని మాటకు బరువు ఉంటుంది.

పుస్తకానికీ పాఠకుడికీ మధ్య నడిచే మనిషి ఎంత అవసరమో తెలంగాణకు వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం చెబుతుంది. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి ముప్పైకి పైగా పుస్తకాలు ప్రచురించిన ఆయన, వాటిని స్వయంగా మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. తెలుగు సభలకూ గ్రంథాలయాలకూ నిజాం ప్రభుత్వపు అనుమతులు అడ్డుపడుతున్న కాలమది. అంతకు కొద్ది ఏళ్ల ముందే, 1934లో, ఖమ్మంలో మూడవ ఆంధ్ర మహాసభ జరిగింది, ఆ ఉద్యమం చేపట్టిన ముఖ్యమైన పనులలో గ్రంథాలయాల స్థాపన ఒకటి. గడప గడపకూ వెళ్లి పుస్తకం అమ్మే మనిషి ఆ పుస్తకంలో ఏముందో, అది ఎందుకు చదవాలో ప్రతి గుమ్మం ముందూ చెప్పవలసి వస్తుంది; ఆ చెప్పడమే ఆ కాలపు సమీక్ష. నేటి సొంత ప్రచురణకర్తకు పుస్తకం మోసుకెళ్లే ఓపిక ఉన్నా, గుమ్మం ముందు ఆగి వినే తీరిక జనానికి తగ్గింది. ఆళ్వారుస్వామి నోటితో చేసిన పనిని ఇప్పుడు పాఠకులు తలా కొంచెం రాతతో పంచుకోవలసి ఉంది.

ఖమ్మం జిల్లాకు సాహిత్యంలో మంచి వారసత్వమే ఉంది. 1986లో అఫ్సర్, ప్రసేన్, సీతారాం అనే ముగ్గురు యువకవులు కలిసి తెచ్చిన ‘రక్తస్పర్శ’ కవితా సంపుటిని తెలుగు కవితాలోకం గుర్తుపెట్టుకొంది. కారేపల్లి మండలంలోని రొట్టమాకురేవు అనే చిన్న పల్లె, అక్కడ పుట్టిన కవి యాకూబ్ తన ఊరి పేరుతోనే నెలకొల్పిన కవితా పురస్కారం వల్ల, రెండు రాష్ట్రాల కవులకూ తెలిసిన ఊరయింది. అయితే పురస్కారం ఏడాదికి కొద్దిమందినే చేరగలదు, సమీక్ష ఎవరినైనా చేరగలదు.

అడవి అంచున రాసిన పుస్తకానికి ఆ చుట్టుపక్కల పాఠకుడే సమీక్ష రాయవలసిన కారణం మరొకటి ఉంది, అది అన్నిటికన్నా బలమైనది: పుస్తకంలోని సంగతులు నిజమో కాదో తేల్చగలిగినవాడు అతడే. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టు వరదలో అది 75.6 అడుగులకు, 2022 జూలై వరదలో 71.3 అడుగులకు చేరింది. ఈ వరదల నేపథ్యంలో ఒక కథ వచ్చిందనుకుంటే, అందులో కూనవరం దగ్గరి పల్లెలోకి నీళ్లు గోదావరి వైపు నుంచే వచ్చాయని కథకుడు రాస్తే, దూరప్రాంతపు విమర్శకుడు శైలిని మెచ్చుకొని ముందుకు సాగిపోవచ్చు. ఆ పల్లె పాఠకుడు మాత్రం ఆగుతాడు, ఎందుకంటే గోదావరి ఉధృతంగా ఉన్నప్పుడు కూనవరం సంగమం దగ్గర ఉపనది శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి తన్నుతుందనీ, ఊళ్లు వెనుక వైపు నుంచి మునుగుతాయనీ, జనం ఎదురుచూసిన దిక్కు నుంచి కాక మరో దిక్కు నుంచి నీరు ముంచుకురావడమే ఆ వరదల్లోని అసలు భయమనీ అతనికి తెలుసు. ఈ ఒక్క వాక్యం సమీక్షలో చేరితే కథ చదివేవారికీ మేలు, కథకుడికీ మేలు.

ఇదే విధంగా తునికాకు సేకరణను తీసుకోవచ్చు. బీడీలు చుట్టడానికి వాడే ఈ ఆకును ఎండాకాలంలో కోసి, కట్టకు యాభై ఆకుల లెక్కన కట్టి, కల్లంలో, అంటే కట్టలను ఎండబెట్టి లెక్క అప్పగించే మైదానంలో, వరుసలుగా పేరుస్తారు. వెయ్యి కట్టలు కలిస్తే ఒక స్టాండర్డ్ బ్యాగు అవుతుంది. ఒక్క బ్యాగు నిండాలంటే యాభై వేల ఆకులు చేతులమీదుగా సాగాలి. కోసుకొచ్చిన ఆకును సరిచేసి, లెక్కపెట్టి, కట్టలు కట్టే పనిని ఇంట్లో పిల్లలూ ముసలివారూ కూడా పంచుకుంటారు. ఇప్పపూలు వేసవి మొదట్లో తెల్లవారకముందే రాలుతాయి, పశువులకన్నా ముందుగా చేరి వాటిని ఏరుకోవాలి. అడవిలో కొంత చోటు చదును చేసి సాగుచేసుకునే పోడు భూమికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పట్టా రావడం ఒక కుటుంబంలో ఎంత పెద్ద మార్పో, రాకపోవడం ఎంత పెద్ద దెబ్బో ఆ ఊళ్ల వారికి వివరించనక్కరలేదు. ఇవన్నీ తెలిసిన పాఠకుడు ఒక నవల గురించి రాస్తూ, ఇందులో కల్లం దగ్గర లెక్క తేడా వచ్చిన ఘట్టం కళ్లకు కట్టినట్టు ఉందని ఒక్క మాట అంటే, పెద్ద విమర్శకుడి పది పుటల ప్రశంసకు లేని ప్రామాణ్యం దానికి వస్తుంది. సాహిత్య పరిభాష తనకు రాదని అటువంటి పాఠకుడు వెనుకాడటం చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే అతనికి వచ్చిన పరిభాషే ఈ పుస్తకానికి కావలసినది.

ఈ ప్రాంతం గురించి బయటివారు రాసిన పుస్తకాలకు పాఠకుల కొరత ఎన్నడూ లేదు. గోదావరి కొండలలోని కొండరెడ్ల జీవితం మీద మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రాసిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో లండన్‌లో వెలువడింది. అది విలువైన గ్రంథమే, నేటికీ పరిశోధకులు దానిని ఉదహరిస్తారు. కానీ ఆ గ్రంథంలో వర్ణించబడిన మనుషుల మనవలూ మునిమనవలూ రాసే పుస్తకం, అది ఎంత చిన్నదైనా, ఎవరి ఉదహరింపుకూ నోచుకోకపోవడం న్యాయం కాదు. 2014లో రాష్ట్ర విభజన వెంటనే పోలవరం ప్రాజెక్టు ముంపు కోసం భద్రాచలం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి; 150 అడుగుల పూర్తి నీటిమట్టంతో ఆ జలాశయం నిండితే ఎన్నో గూడేలు నీటి అడుగుకు చేరతాయి. అందువల్ల ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన గూడెం వాగుల పేర్లు, గుట్టల పేర్లు, వేల్పులు కొలువైన చెట్ల గుర్తులు కూర్చి ఎనభై పుటల పుస్తకం వేసుకుంటే, రేపు ఆ ఊరికి మిగిలే దస్తావేజు అదే కావచ్చు. పొరుగు గూడెం పాఠకుడు దానిని చదివి, ఫలానా వాగుకు తమ వైపు మరో పేరుందనీ, జాతర జరిగే నెల పుస్తకంలో రాసినది కాదనీ సమీక్షలో నమోదు చేస్తే, ఆ సమీక్ష కూడా దస్తావేజులో భాగమవుతుంది. ఊరు చెల్లాచెదురై, గుర్తున్నవారు పునరావాస కాలనీలకు పోయాక ఈ పని చేయాలనుకుంటే అడగడానికి మనిషి దొరకడు, కాబట్టి ఇది ఇప్పుడే జరగాలి.

కోయ సమాజంలో రచన కన్నా ముందు నుంచీ ఉన్న మరొక సంప్రదాయం ఇక్కడ గుర్తుకు రావడం సహజం. డోలి వాయిస్తూ వంశచరిత్రలనూ వేల్పుల కథలనూ పాడే కళాకారులను డోలి కోయలు అంటారు. మణుగూరు మండలంలోని మరో కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడగలిగినవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది, 2024లో ఆయన మరణించారు. అటువంటి గాయకుడి ఎదుట కూర్చునే శ్రోతలలో ఆ కథలోని ఇంటిపేర్లు కలవారే ఉంటారు. విన్నది తమ పెద్దలు చెప్పినదానితో సరిపోయిందా లేదా అని వారు పోల్చుకుంటారు. అచ్చు పుస్తకానికి అటువంటి శ్రోతలు ఎదురుగా లేరు, రచయితకు తల ఊపినవారెవరో పెదవి విరిచినవారెవరో కనిపించదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక పాఠ్యపుస్తకాలు తయారై, తెలుగు లిపిలో కోయ చదివిన ఒక తరం ఏర్పడింది. ఆ తరం వారు కోయ పదాలు కలిసిన తెలుగు పుస్తకం మీద సమీక్ష రాస్తూ, ఆ పదాలు తమ వైపు వాడుకలో ఉన్నవేనా, వాటి చుట్టూ రచయిత అల్లిన అర్థం సరైనదేనా అని చెప్పగలరు. ఈ పనికి విశ్వవిద్యాలయ పట్టా అక్కరలేదు.

సాయం చేయాలన్న ఉత్సాహంలో సమీక్ష పొగడ్తగా మారితే ప్రయోజనం దెబ్బతింటుంది. చుట్టాలూ స్నేహితులూ రాసే సమీక్షలను అమెజాన్ తన నియమాలలోనే నిషేధించింది. భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్ని తెచ్చి, వినియోగదారుల సమీక్షలు సేకరించి ప్రకటించేవారు పాటించవలసిన పద్ధతులను నిర్దేశించింది. చిన్న ఊళ్లలో రచయితా పాఠకుడూ ఒకరికొకరు తెలిసినవారే కావడం తప్పదు కాబట్టి, తెలిసినవాడినని సమీక్ష మొదట్లోనే ఒక్క వాక్యంలో చెప్పేయడం మర్యాద. పుస్తకంలో ఏముందో, ఏ ఘట్టం మనసుకు తాకిందో, ఎక్కడ అర్థం కాలేదో, అచ్చుతప్పులు చదువుకు అడ్డుపడ్డాయో లేదో చెబితే చాలు. అద్భుతం, అమోఘం అనే మాటల వల్ల కొత్త పాఠకుడికి తెలిసేదేమీ లేదు. లోపాన్ని చెప్పేటప్పుడు పుట సంఖ్యతో సహా చెప్పాలి, రచయిత బుద్ధిని గురించి కాక ఆ పుటలోని వాక్యాన్ని గురించి మాట్లాడాలి.

రాసిన సమీక్ష ఎక్కడికి చేరాలన్నది తరువాతి ప్రశ్న. దినపత్రికల సాహిత్య పుటలు, మాసపత్రికలు ఉన్నాయి. అక్కడ చోటు ఇరుకు. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో నడుస్తాయి, అంటే వాటికి డబ్బు ఇచ్చేది ఊరి జనమే, కాబట్టి ఫలానా పుస్తకం తెప్పించమని, సమీక్షను జతచేసి, శాఖా గ్రంథాలయానికి అర్జీ పెట్టే హక్కు పాఠకుడికి ఉంది. పుస్తకం ఉందని తెలిశాక దూరపు పాఠకుడికి దానిని పంపడం కూడా ఖర్చుతో కూడిన పనే: చవకగా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఆపివేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు గట్టిగానే బాధపడ్డారు, 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ పేరుతో మూడువందల గ్రాములకు ఇరవై రూపాయల నుంచి మొదలయ్యే సేవ వచ్చాక కొంత ఊరట కలిగింది. పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బీఎన్‌ను భారతదేశంలో రాజా రామమోహన్‌రాయ్ జాతీయ సంస్థ రుసుము లేకుండా ఇస్తుంది. ఆ సంఖ్యను సమీక్షలో రాస్తే ఒకే పేరున్న రెండు పుస్తకాల మధ్య గందరగోళం ఉండదు.

సొంత ప్రచురణలో ఒక సౌలభ్యం ఉంది, దానిని చాలామంది గమనించరు. పెద్ద సంస్థ వేసిన పుస్తకంలో తప్పు దొరికితే దిద్దడానికి సంపాదకుడి అంగీకారం, పాత నిల్వ అయిపోవడం, కొత్త ముద్రణకు వ్యాపార కారణం, ఇన్ని కావాలి. సొంతంగా వేసుకున్న రచయితకు ప్రచురణకర్త తానే. యాభై ప్రతులైనా వేసి ఇచ్చే డిజిటల్ ముద్రణ ఇప్పుడు అందుబాటులోకి వచ్చింది కాబట్టి, చర్ల నుంచో చింతూరు నుంచో ఒక పాఠకుడు రాసి పంపిన దిద్దుబాటు కొద్ది నెలలలోనే తరువాతి ముద్రణలో చేరగలదు. కూనవరం దగ్గర నీరు వచ్చిన దిక్కు మారుతుంది, వాగుకు రెండో పేరు అడుగున చేరుతుంది, ఆ సంగతి చెప్పిన పాఠకుడి పేరు కృతజ్ఞతల పుటలోకెక్కుతుంది. ఇందుకు రచయిత చేయవలసినది ఒక్కటే: పుస్తకం చివరి పుటలో తన చిరునామాతో పాటు, తప్పులు కనిపిస్తే రాయమని స్పష్టంగా అడగడం, వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు ఇవ్వడం.